రిటైరయ్యాక నవల: డబ్బు మీది, కష్టం మీది, మరి పుస్తకం ఎవరిది?

నమస్కారమండీ. వైజాగ్‌లో ఈ మధ్య ఏ సాహిత్య సభకి వెళ్లినా ఒక మాట వినపడుతోంది: "మాస్టారూ, ప్యాకేజీ కట్టేశాను, ఇక నవల వచ్చేస్తుంది." స్టీల్ ప్లాంట్‌లోనో పోర్టులోనో బ్యాంకులోనో జీవితమంతా పనిచేసి, అరవై దాటాక మొదటి నవల పూర్తిచేసినవాళ్ల మాట ఇది. ప్యాకేజీ అంటే, పుస్తకం పనులన్నీ మేమే చూసుకుంటామని ఎవరో ఒక మొత్తం తీసుకోవడం. ఆ వయసులో రాసినందుకు వాళ్లకి దండం పెడతాను. కానీ ఎవరికో డబ్బు కట్టి వేయించుకోవడమే స్వీయ ప్రచురణ అనుకుంటున్నారు చూడండీ, అది విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

స్వీయ ప్రచురణ అంటే ప్రచురణకర్త మీరే. మధురవాడలో ఇల్లు కట్టించుకుంటున్నారనుకోండి. స్థలం మీది. మేస్త్రీ, పెయింటర్, కరెంటు పనివాడు మీరు కుదుర్చుకున్నవాళ్లు. పని చేస్తారు, కూలి తీసుకుంటారు, వెళ్లిపోతారు. వాళ్లలో ఒకడు "ముందు గది నాది" అంటే ఊరుకుంటారా?

మీ పుస్తకమనే ఈ ఇంటికి పట్టా కాపీరైటు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు రాసినప్పుడే అది మీదైపోయింది. రిజిస్ట్రేషన్ చేయిస్తే సాక్ష్యంగా పనికొస్తుంది, అంతేగానీ తప్పనిసరి కాదు. మీ తదనంతరం ఇంకో 60 ఏళ్లు వారసులకి ఉంటుంది. అలాంటి పట్టాని చదవకుండా సంతకం పెట్టి ఇచ్చేస్తున్నారు! ఒప్పందంలో "సర్వహక్కులు", "శాశ్వతంగా" అన్న మాటలు ఎక్కడున్నాయో వేలు పెట్టి వెతకండి. గడువు రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా తీసుకుంటుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. "శాశ్వతంగా" అని రాసున్నచోట సంతకం పెట్టారంటే ఆ 5 ఏళ్ల అండ ఉండదు.

ఇక ఐ.ఎస్.బి.ఎన్., అంటే పుస్తకాన్ని గుర్తుపట్టడానికి ఇచ్చే అంతర్జాతీయ నంబరు. 13 అంకెలు. ఇది ఇంటికి డోర్ నంబరు లాంటిది. ఇల్లెక్కడుందో చెబుతుంది, ఇల్లెవరిదో చెప్పదు. మన దేశంలో దీన్ని రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది. రచయిత సొంతంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఉచితంగా వచ్చే నంబరుకి ప్యాకేజీ బిల్లులో ఒక లైను, దాని పక్కన ఒక అంకె వేస్తే అది అన్యాయమనే అంటాను.

మరి డబ్బు దేనికి పెట్టాలి? పునాదికి. అంటే ఎడిటింగుకి. పెద్ద వయసులో మొదలుపెట్టినవాళ్ల దగ్గర ఉన్న సంపద, ఒక పనిని ముప్ఫై ఏళ్లు లోపలి నుంచి చూసి ఉండటం. దాన్ని చేజేతులా పాడుచేసేది ఆఫీసు భాష. స్టీల్ ప్లాంట్ కోక్ ఓవెన్స్‌లో సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, దిగి గాజువాక ఇంటికొచ్చిన మనిషి పెళ్లాంతో "నేను మిక్కిలి అలసిపోయాను" అంటాడా? "ఒల్లంతా పులిసిపోనాదే, గలాసుడు టీ ఇయ్యి" అంటాడు. మొదటి వాక్యం పక్కన పెన్సిల్‌తో గీత పెట్టేవాడే మీకు కావలసిన ఎడిటరు. "అద్భుతం సార్" అనేవాడికి పైసా ఇవ్వకండి.

(ప్రూఫు కాగితం కెమెరాకి దగ్గరగా.)

ఈ పేజీ చూడండి. ఫోన్లో, కంప్యూటర్లో మనం కొట్టేది యూనికోడ్. డీటీపీ షాపుల్లో చాలాచోట్ల ఇప్పటికీ పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని "అను" ఫాంట్లు. ఇందులోంచి అందులోకి మార్చేటప్పుడు వత్తులు రాలిపోతుంటాయి. ఇక్కడ "లక్ష్మి" కింద మ వత్తు లేదు, "లక్షి" అయింది. నాయిక పేరే లక్ష్మి అయితే? పుస్తకమంతా అంతే. స్త్రీ, రాష్ట్రం, వస్త్రం లాంటి మాటల దగ్గర ఆగి ఆగి చూడండి. ప్రూఫు ఫోన్లో చూడొద్దు, కాగితం మీద ప్రింటు తీయించి దిద్దండి. రెండోసారి మీరు కాకుండా ఇంకొకళ్లు దిద్దాలి. మనం రాసింది మన కంటికి తప్పుల్లేకుండానే కనిపిస్తుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. డెమ్మీ సైజులో ఒక ఫారం, అంటే అచ్చేసి మడిచే ఒక పెద్ద కాగితం, 16 పేజీలు. 160 పేజీలకి పది ఫారాలు. 163 వచ్చాయంటే పదకొండో ఫారంలో కాలు పెట్టినట్టే, ఆ మూడు పేజీలు కుదించే దారి చూడండి. ఆఫ్‌సెట్‌లో వంద కొట్టినా వెయ్యి కొట్టినా అచ్చుకి చేయించే ప్లేట్ల ఖర్చు ఒకటే, అందుకే "వెయ్యి వేయించండి, కాపీ చవక పడుతుంది" అంటారు. ఒప్పుకోకండి. మొదటి నవల ప్లేట్లు అక్కర్లేని డిజిటల్‌లో వంద చాలు. కాపీకి కాస్త ఎక్కువ పడినా, అటక మీద అట్టపెట్టెలు మిగలవు. ముఖచిత్రానికి నెట్‌లో దొరికిన బొమ్మ వాడొద్దు, ఆ పట్టా ఇంకొకరిది. షాపువాళ్ల కమీషన్ ఎంతో కనుక్కున్నాకే ధర వేయండి. అచ్చుకి ముందు చదివించుకోవాలంటే ప్రతిలిపి అనే కథల యాప్‌లో కొన్ని భాగాలు పెట్టి, చదివేవాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో గమనించండి.

చివరగా, చాలామంది వదిలేసేది. గ్రంథాలయాలకి పుస్తకాలు అందజేయాలనే 1954 చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లోగా కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒక కాపీ పంపాలి. చట్టం చెప్పిన మరికొన్ని గ్రంథాలయాలకీ పంపాలి. ఆ బాధ్యత ప్రచురణకర్తది, అంటే మీది. ఆ పొట్లాలు కట్టేటప్పుడే ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి కూడా ఒక కాపీ తీసి పెట్టండి. అది పోస్టులో వద్దు, మీరే వెళ్లి ఇవ్వండి.