రోడ్డు చేరని రేవు: ఇకీటోస్ చూడబోయేవారికి

సభాధ్యక్షులకు, ఈ గ్రంథాలయాన్ని ఇన్నేళ్లుగా నిలబెట్టుకొస్తున్న పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది పెరూ దేశంలో, ఈశాన్యాన, అమెజాన్ ఎడమ గట్టున ఉన్న ఇకీటోస్ అనే రేవు నగరం గురించి. అక్కడ చూడదగినవి ఏమిటో చెప్పమని నన్ను పిలిచారు. తప్పకుండా చెబుతాను. అయితే ఆ ఊళ్లో కంటికి ఇంపుగా కనిపించే పాత కట్టడాలలో చాలావాటి వెనక రబ్బరు సొమ్ము ఉంది. ఆ రబ్బరు కథ మలుపు తిరిగి, సముద్రాలు దాటి, మన ఉత్తరాంధ్ర పల్లెల దాకా వచ్చింది. అది తెలిసి చూసినప్పుడే ఇకీటోస్‌ను చూసినట్టు అని నా నమ్మకం. అందుకే చూడవలసిన చోట్లనూ ఆ కథనూ కలిపే చెబుతాను.

ముందుగా దారి. ఇకీటోస్‌కు బయటినుంచి రోడ్డు లేదు. సుమారు నాలుగు లక్షల జనాభా ఉన్న ఈ నగరం నుంచి దక్షిణంగా నౌతా అనే చిన్న ఊరి దాకా వంద కిలోమీటర్ల రోడ్డు ఒకటి ఉంది. అది అక్కడితో సరి. తక్కినదంతా అడవి, నీరు. రాజధాని లీమా నుంచి విమానంలో రెండు గంటలలోపే చేరవచ్చు. ఓపిక ఉన్నవారు నది మీద రావచ్చు. యూరిమాగ్వాస్ నుంచి సరకుల పడవలో మూడు రోజులు, పుకాల్పా నుంచి నాలుగైదు రోజులు పడుతుంది. ఈ పడవలను అక్కడివాళ్లు లాంచా అంటారు. గోదావరి మీద మన పెద్దలు లాంచీ అన్న మాట చెవిన పడ్డట్టే ఉంటుంది. అడుగు అంతస్తులో అరటిగెలలు, సిమెంటు బస్తాలు, కోళ్లు. పై అంతస్తులో ఎవరి గుడ్డ ఉయ్యాల వారు కట్టుకుని, పక్కవారి మోచేయి తగిలేంత దగ్గరగా పడుకునే ప్రయాణికులు. నేను వెళ్లేటప్పుడు విమానంలో వెళ్లాను, తిరుగు ప్రయాణం లాంచాలో చేశాను. మళ్లీ వెళితే రెండూ లాంచాలోనే చేస్తాను. ఆ నగరం ఎంత దూరాన ఉందో విమానంలో కూర్చున్నవారికి తెలియదు.

ఆ దూరం ఎంత కఠినమైనదో 2020 మే నెలలో లోకానికి తెలిసింది. కోవిడ్ రోగులకు ఆక్సిజన్ అందక ఇకీటోస్ అల్లాడిపోయింది. పక్క జిల్లా నుంచి లారీలో సిలిండర్లు తెప్పించుకునే వీలు లేదు. వస్తే విమానంలో రావాలి, లేదా పడవలో. చివరికి ఊరి జనమే చందాలు పోగుచేసి ఆక్సిజన్ ప్లాంటు కొనుక్కున్నారు. పర్యాటకులుగా మనం ముచ్చటపడే మారుమూలతనం అక్కడ బతికేవారికి ఎంత ఖరీదైనదో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

ఇంత లోపలి ఊరికి రేవు ఎలా వచ్చింది? అమెజాన్ ముఖద్వారం నుంచి నది వెంబడి 3,600 కిలోమీటర్లకు పైగా లోపల ఉన్నా, ఇకీటోస్ సముద్ర మట్టానికి సుమారు వంద మీటర్ల ఎత్తులోనే ఉంది. అంత దూరానికి అంత కొద్ది వాలు కావడంతో నది లోతుగా, నిదానంగా పారుతుంది. సముద్రపు ఓడలు కూడా ఇక్కడి దాకా రాగలవు. 1864 జనవరి 5న పెరూ నౌకాదళపు ఆవిరి ఓడలు యంత్రసామగ్రితో ఇక్కడికి చేరాయి. అంతకుముందు ఇది జెసూయిట్ క్రైస్తవ మతగురువుల పూర్వపు మిషన్ చుట్టూ పెరిగిన చిన్న పల్లె. ఆ జనవరి 5నే ఊరి పుట్టినరోజుగా నేటికీ జరుపుకుంటారు.

చూడవలసినవాటిలో మొదటిది నది గట్టున ఉన్న మలెకోన్, అంటే కట్టుదిట్టంగా కట్టిన విహార వీధి. సాయంత్రం ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. అక్కడ నిలబడి కిందికి చూసి అమెజాన్‌ను చూశామనుకునేవారు చాలామంది. నిజానికి అమెజాన్ కొన్ని దశాబ్దాలుగా తూర్పుకు జరిగిపోయింది. ఇప్పుడు గట్టును ఒరుసుకుని పారేది దాని ఉపనది ఇతాయా. రేవు కోసం పుట్టిన ఊరిని నదే వదిలి దూరంగా జరిగింది. గోదావరి, కృష్ణ లంకల్లో పుట్టి పెరిగినవారికి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు.

మలెకోన్ వెంబడి, ప్రధాన కూడలి చుట్టూ, రబ్బరు కాలపు మేడలు ఉన్నాయి. 1880 నుంచి సుమారు 1912 దాకా యూరప్, అమెరికాలకు సైకిళ్ల టైర్లకు, తరువాత కార్ల టైర్లకు అమెజాన్ రబ్బరే ప్రధాన ఆధారం. రబ్బరు మోసుకుపోయిన ఓడలు తిరిగి వచ్చేటప్పుడు ఇటలీ పాలరాయి, పోర్చుగల్, స్పెయిన్ల పింగాణీ పలకలు తెచ్చాయి. ఆ పలకలతోనే ఇక్కడి వ్యాపారులు ఇళ్ల ముంగిళ్లు కప్పించారు. ఆ గోడలను రోడ్డు అవతల నుంచి కాకుండా దగ్గరకు వెళ్లి చూడమని నా మనవి. నీలం, తెలుపు పూల పలకల్లో ఒకటి రాలిపోయిన చోట, వెనక మట్టి గోడ మీద గారకు పడిన వేలి గీతలు నేను చూశాను. పలక పోర్చుగల్‌ది కావచ్చు. దాన్ని అతికించిన వేళ్లు ఈ ఊరివే.

కూడలి మూలన ఉన్న ఇనప ఇల్లు ఇంకో వింత. ఇనప రేకులను బోల్టులతో బిగించి కట్టిన రెండంతస్తుల ఇల్లు అది. పారిస్‌లో 1889 ప్రదర్శన తరువాత కొని, విడదీసి, ఓడలో తెచ్చి ఇక్కడ మళ్లీ బిగించారు. ఐఫెల్ రూపకల్పన అని ప్రతి గైడూ చెబుతాడు. దానికి గట్టి ఆధారం లేదన్న చరిత్రకారుల మాటే నాకు సబబుగా తోస్తుంది. అయినా చూడండి. భూమధ్యరేఖకు నాలుగు డిగ్రీల దూరంలో, ఎండకు కాలి వానకు మోగే ఇనప ఇంట్లో ఉండాలని ఒక మనిషికి కోరిక పుట్టించిన సొమ్ము ఎలాంటిదో ఆలోచించండి.

ఆ సొమ్ము ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే రేవులో లంగరు వేసి ఉన్న అయాపువా అనే పాత ఓడ ఎక్కాలి. 1906లో జర్మనీలోని హాంబర్గ్‌లో కట్టిన ఈ ఆవిరి ఓడను బాగుచేసి రబ్బరు కాలపు మ్యూజియంగా మార్చారు. నా దృష్టిలో ఇకీటోస్‌లో అన్నింటికన్నా ముందు చూడవలసింది ఇదే. రబ్బరు చెట్టుకు గాటు పెట్టి, కారే పాలు పట్టడానికి వాడిన చిన్న రేకు కప్పును అక్కడ దగ్గరగా చూశాను. తిచేలా అంటారు దాన్ని. టీ కప్పులో సగం ఉంటుంది. ఈ కప్పు గురించి మళ్లీ చెబుతాను.

పుతుమాయో అనే నది ఇకీటోస్‌కు ఉత్తరాన ఉంది. దాని పరివాహక ప్రాంతంలో హూలియో సేసార్ అరానా అనే ఇకీటోస్ వ్యాపారి రబ్బరు కేంద్రాలు నడిపాడు. 1907లో లండన్‌లో వాటాదారులను చేర్చుకుని దాన్ని పెరూవియన్ అమెజాన్ కంపెనీగా మార్చాడు. బోరా, విటోటో, అందోకే, ఒకైనా జాతుల ప్రజలను అప్పుల పేరుతో, తుపాకులతో, సంకెళ్లతో రబ్బరు తేవడానికి తరిమారు. తూకం తగ్గితే కొరడా దెబ్బలు, పారిపోతే చావు. కంపెనీ కావలి పనికి తెచ్చిన బార్బడోస్ మనుషులు బ్రిటిష్ పౌరులు కావడం వల్ల, బ్రిటిష్ ప్రభుత్వం 1910లో తన కాన్సులు రోజర్ కేస్‌మెంట్‌ను విచారణకు పంపింది. ఆయన ఇకీటోస్ చేరి, పుతుమాయోకు వెళ్లి, కొరడా మచ్చలున్న వీపులను కళ్లారా చూసి, సాక్ష్యాలు నమోదు చేశాడు. ఆ నివేదిక 1912లో అచ్చయింది. చనిపోయినవారు వేలల్లో ఉన్నారు. అరానాకు శిక్ష పడలేదు. తరువాత సెనేటరయ్యాడు, 1952 దాకా బతికాడు. పలకల మేడల ముందు ఫోటో దిగే మనకు ఈ పేర్లు తెలిసి ఉండాలి.

ఆ వైభవం ఎలా కూలిందో చూడండి. 1876లో హెన్రీ విక్హామ్ అనే ఇంగ్లీషువాడు బ్రెజిల్ నుంచి సుమారు 70,000 రబ్బరు విత్తనాలు లండన్‌లోని క్యూ తోటకు చేర్చాడు. మొలిచిన మొక్కలు సింహళానికి, సింగపూరుకు, మలయాకు వెళ్లాయి. అమెజాన్‌లో ఈ చెట్లు అడవంతటా చెదిరి ఉంటాయి. తోటగా దగ్గరగా నాటితే ఆకుమచ్చ తెగులు తినేస్తుంది. ఆ తెగులు సోకని ఆసియాలో వరసలు కట్టి పెంచారు. 1913 నాటికి తోట రబ్బరు అడవి రబ్బరును మించిపోయింది. ధర పడిపోయింది, ఇకీటోస్ మేడలు వెలవెలబోయాయి.

మరి మలయా తోటల్లో గాట్లు పెట్టినవారు ఎవరు? ఎక్కువమంది తమిళులు. వారితోపాటు విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువారు కూడా. మొదట ఒప్పంద కూలీలుగా, 1910లో ఆ పద్ధతి రద్దయ్యాక కంగాణీల, అంటే కూలీలను కూర్చి తీసుకెళ్లే మేస్త్రీల వెంట, 1938లో భారత ప్రభుత్వం ఆపేదాకా వెళుతూనే ఉన్నారు. నేటి మలేసియా తెలుగువారిలో చాలామంది వారి సంతతే. మా ముత్తాత శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి వెళ్లి పెరాక్‌లోని ఒక రబ్బరు తోటలో పన్నెండేళ్లు పనిచేసి తిరిగి వచ్చాడు. పుతుమాయో ఘోరాన్నీ మలయా కష్టాన్నీ ఒకే త్రాసులో తూచను, అది తప్పు. కానీ ఒక చెట్టు అమెజాన్ నుంచి బయలుదేరితే అక్కడ ఒక నగరం వెలవెలబోయింది, ఇక్కడ మా ఇంటి మగవాడు ఓడ ఎక్కాడు. ఈ రెండూ ఒకే కథలోవి.

ఇక బెలెన్. ఇతాయా గట్టున పల్లంలో ఉన్న పేట ఇది. అక్కడ ఏటా నది సుమారు పది మీటర్ల దాకా పెరిగి తగ్గుతుంది. కొన్ని ఇళ్లు ఎత్తైన కర్రల మీద, కొన్ని తేలే దుంగల మీద ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో పడవల్లో తిరిగిన వీధుల్లోనే సెప్టెంబరులో పిల్లలు బంతాట ఆడతారు. దీన్ని ఎవరో 'అమెజాన్ వెనిస్' అన్నారు. ఆ పేరు నాకు నచ్చదు. మురుగు, తాగునీరు ఒకేచోట కలిసే పేదల పేట అది. స్థానికుణ్ణి తోడు తీసుకుని, అడిగి ఫోటో తీసి, పడవవాడికి తగిన కూలి ఇచ్చి చూడండి. పైన ఉన్న అంగడిలో పాకీతో సందు అని మూలికల వరస ఉంది; బెరళ్లు, వేళ్లు, సీసాల్లో నానబెట్టిన కషాయాలు. అదే అంగడిలో అడవి జంతువుల మాంసం, తాబేళ్లు కూడా అమ్ముతారు. కొనవద్దు. వేటగాళ్లు తల్లిని చంపగా మిగిలిన నీటి ఆవు (మానటీ) పిల్లలను నౌతా రోడ్డు మీది రక్షణ కేంద్రంలో సీసా పాలతో పెంచుతున్నారు. అది చూశాక ఎవరికీ కొనబుద్ధి కాదు.

తిండి విషయం శాకాహారులకు కొంత కష్టమే. పండ్లు మాత్రం పుష్కలం. అగ్వాహే అనే తాటిజాతి పండును తప్పక తినాలి. ఎర్రటి పొలుసుల తోలును గోటితో లేపితే లోపల నూనె మెరిసే పసుపు గుజ్జు పల్చగా ఉంటుంది. గింజ చుట్టూ పళ్లతో గీరుకుని తింటారు. కాయ కోసం ఆడ చెట్లను నరికేసే అలవాటు ఉంది. ఎక్కి కోసే పద్ధతి ఇప్పుడు నేర్పుతున్నారు. హువానె అనే ఆకు పొట్లం అన్నం జూన్ 24, సెయింట్ జాన్ పండుగనాటి వంట. కోడి, గుడ్డు, ఆలివ్ పెట్టి బిహావో ఆకులో కట్టి ఉడికిస్తారు. ఆ అన్నం పచ్చగా ఉండటానికి వేసేది మన పసుపే.

అడవి చూడాలనుకుంటే అందరూ పకాయా సమీరియాకు వెళతారు. ఇరవై లక్షల హెక్టార్ల ముంపు అడవి, గులాబి రంగు డాల్ఫిన్లు, వెళ్లదగినదే. నాకు అంతకన్నా నచ్చింది ఊరికి దగ్గరలోని అల్పవాయో మిషానా. అక్కడి తెల్ల ఇసుక నేల మీది సన్నని చెట్ల అడవిలో 2005లో కొత్తగా గుర్తించిన ఒక చిన్న పిట్ట ఉంది. ఊరి పేరే దానికి పెట్టారు. ఉన్నవి చాలా కొద్ది. రెండు ఉదయాలు తిరిగినా నాకు కనిపించలేదు.

మొమోన్ నది మీద బోరా జాతివారి చిన్న ఊరికి పర్యాటక పడవలు వెళతాయి. పెద్ద తాటాకు ఇంట్లో బెరడు గుడ్డలు కట్టుకుని వారు నాట్యం చేస్తారు, మాంగ్వారే అనే జంట దుంగల డోలు మోగిస్తారు, ఆపైన పూసల దండలు అమ్ముతారు. బేరం ఆడి, ఇదంతా నాటకమని పెదవి విరిచే యాత్రికులను చూశాను. నాకు చాలా బాధ కలిగింది. పుతుమాయో నుంచి తరలించిన కుటుంబాల మనవలు, మునిమనవలు వారు. ఆ డోలు ఇంకా మోగడమే పెద్ద సంగతి. అడిగిన ధర ఇచ్చేయండి.

వెళ్లేవారికి ఒక్క జాగ్రత్త: కనీసం పది రోజుల ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోండి. పెరూ నుంచి తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో ఆ పత్రం అడుగుతారు. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు.

ఆ రేకు కప్పు సంగతి మళ్లీ చెబుతానన్నాను. ముత్తాత మలయా నుంచి తెచ్చినవాటిలో మిగిలింది ఒక పింగాణీ కప్పు. తోటల్లో రబ్బరు పాలు అలాంటి కప్పుల్లోనే పట్టేవారు. మా నాయనమ్మ దాన్ని పసుపు గిన్నెగా వాడుకుంది. అదేమిటో మాకెవరికీ తెలియదు. అయాపువా ఓడలో తిచేలాను చూసిన రాత్రి ఇంటికి ఫోను చేసి, వంటింట్లో పై అరలో వెతకమన్నాను. ఈరోజు వెంట తెచ్చాను. ముందు వరస నుంచి అందుకోండి. అడుగున పసుపు మరక ఉంటుంది. అంచు కింద వేలితో తడిమితే గట్టిపడ్డ రబ్బరు పాల చార ఇంకా తగులుతుంది.