సోషలిజం మీద వందేళ్ల వాదన: మన ఏజెన్సీ సంత నుంచి ఒక రివ్యూ

నమస్కారం. శ్రీకాకుళం నుంచి చేస్తున్న ఈ రివ్యూలో సోషలిజం మంచిచెడుల మీద వందేళ్లుగా సాగుతున్న వాదనను పరిశీలిద్దాం. ఇరుపక్షాలవారూ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నామని అనుకుంటారు గానీ, అక్కడున్నవి రెండు ప్రశ్నలని నా అభిప్రాయం. బలహీనుడికి బేరమాడే శక్తి ఎలా వస్తుందన్నది మొదటిది. ఏ సరుకుకు ఎంత ధర కట్టాలో ఎవరికి తెలుస్తుందన్నది రెండోది.

రెండో ప్రశ్నను 1920లో ఆస్ట్రియా ఆర్థికవేత్త లుడ్విగ్ ఫాన్ మీజెస్ గట్టిగా లేవనెత్తారు. భూములు, యంత్రాలు, కర్మాగారాలు అన్నీ ప్రభుత్వానివే అయితే వాటి క్రయవిక్రయాలుండవు కనుక ధరలూ ఉండవని, ధరలు లేనిచోట ఏది పొదుపో ఏది వృథాయో లెక్క తేలదని ఆయన వాదించారు. కొరత వస్తే ధర పెంచుతూ, నిల్వలు మిగిలితే తగ్గిస్తూ ప్రణాళికా మండలి ఆ పని చేయగలదని 1930లలో పోలండ్ సోషలిస్టు ఆర్థికవేత్త ఆస్కార్ లాంగే ఇచ్చిన జవాబు తేలిగ్గా తోసిపుచ్చదగింది కాదు. అయితే ఆ కొరతల సమాచారం ఎక్కడికక్కడ వేలమంది అనుభవంలో చెదిరి ఉంటుందని, దాన్ని ఒక్కచోటికి చేర్చడం సాధ్యం కాదని 1945లో మరో ఆర్థికవేత్త హయెక్ చెప్పిన మాటే నాకు ఎక్కువ సబబుగా తోస్తుంది.

మన ఏజెన్సీలో ఈ రెండు ప్రశ్నలూ ఒకే సంతలో ఎదురుపడ్డాయి. 1955లో ఆవడి కాంగ్రెస్ మహాసభ సోషలిస్టు తరహా సమాజాన్ని లక్ష్యంగా ప్రకటించింది. ఆ మరుసటి ఏడాదే గిరిజనుల నుంచి అటవీ ఫలసాయం కొనే ప్రభుత్వ సంస్థ అయిన గిరిజన సహకార సంస్థ, అంటే మన జీసీసీ, ఏర్పడింది. అప్పటికి కొండ మీద పండిన చింతపండూ ఏరిన కరక్కాయలూ అప్పు కింద షావుకారు కాటాకే చేరుతుండేవి. 1960ల చివర శ్రీకాకుళం గిరిజన పోరాటం రగలడానికి ఆ అప్పులూ, చేజారిన భూములూ ముఖ్య కారణాలు. షావుకారుకు పోటీగా ప్రభుత్వం కాటా పట్టుకుని నిలబడటం న్యాయమైన పని. ఆ మేరకు సోషలిస్టుల వాదనను నేను మనస్ఫూర్తిగా అంగీకరిస్తాను.

కానీ 1979 నిబంధనతో అటవీ ఫలసాయం కొనే గుత్తహక్కు జీసీసీకే దక్కింది. కార్యాలయంలో నిర్ణయించిన ధర కంటే బయట ఎక్కువ పలికిన ఏడాది నష్టపోయేది గిరిజనుడే. షావుకారు పోయినా, అమ్ముకోవడానికి ఒక్క గడపే మిగలడం మాత్రం పోలేదు. సోవియట్ యూనియన్‌లో ఇదే లోపం ఘోరరూపం దాల్చింది. అక్కడ అక్షరాస్యత పెరిగిన మాట నిజం. రైతుల నుంచి ధాన్యం బలవంతంగా లాక్కోవడంతో 1932-33 కరువులో లక్షలాది మంది చనిపోయిన మాటా అంతే నిజం. వద్దని చెప్పడానికి ఆ రైతుకు వేరే కొనుగోలుదారు లేడు, వేరే పార్టీ లేదు, వేరే పత్రిక లేదు.

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయంపై గిరిజనులకు యాజమాన్య హక్కునూ, అమ్ముకునే హక్కునూ ఇచ్చింది. అందువల్ల జీసీసీని మూసేయాలనేవారితోనూ, దానికి మళ్లీ గుత్తహక్కు ఇవ్వాలనేవారితోనూ నేను ఏకీభవించను. వ్యాపారులు కూడబలుక్కుని ధర దించినప్పుడు జీసీసీ కొనుగోలు డిపో తెరిచి ఉండాలి. డిపో ధర చాలనప్పుడు వ్యాపారికి అమ్మే స్వేచ్ఛ ఉండాలి. ఈ ఏడాది మీ సంతలో చింతపండుకు డిపో ధర ఎంత, బయటి ధర ఎంత అన్నది దయచేసి వ్యాఖ్యల్లో రాయండి.