కొమాటిలో బాయిలర్ ఆపేశాక

శ్రోతలకు నమస్కారం. బొగ్గు మానేయాలి అనే మాట మీరు చాలాసార్లు వినుంటారు, నేనూ విన్నాను, అనడానికేం, ఎవరైనా అనొచ్చు. బొగ్గు మీదే బతికే ఊళ్లో నిజంగానే కరెంటు కేంద్రం బాయిలర్ ఆపేస్తే ఆ తర్వాత ఏమవుతుంది? దక్షిణాఫ్రికాలో కొమాటి అనే చోట ఆ పని చేసి చూశారు. ఇవాళ ఆ సంగతే మాట్లాడుకుందాం.

ఆ దేశానికి తూర్పు వైపు మ్పుమలాంగా అని ఒక రాష్ట్రం ఉంది. బొగ్గు గనుల్లో ఎక్కువ భాగం అక్కడే, థర్మల్ కేంద్రాల్లో ఎక్కువ భాగమూ అక్కడే. అక్కడ ఒక పట్టణం పేరు ఎమలాహ్లేని, అంటే బొగ్గున్న చోటు అని అర్థం. ఊరి పేరులోనే బొగ్గుంటే ఇక బతుకులో ఎంతుంటుందో చూసుకోండి. దేశంలో తయారయ్యే కరెంటులో 80 శాతం దాకా బొగ్గుదే, అందులో దాదాపు అంతా ఎస్కామ్ అనే ఒక్క ప్రభుత్వ సంస్థ చేతిలోంచే వస్తుంది.

ఆ రాష్ట్రంలోనే ఉన్న కొమాటి థర్మల్ కేంద్రం 1961లో మొదలైంది. మధ్యలో కొన్నేళ్లు మూలన పెట్టి, కరెంటుకు కటకట వచ్చాక మళ్లీ రాజేశారు. 1000 మెగావాట్ల కేంద్రం చివరికి ఒకే ఒక్క యూనిట్‌కు, అంటే కరెంటు తయారుచేసే యంత్రాల ఒక్క సెట్టుకు వచ్చి ఆగింది, దాన్ని కూడా 2022 అక్టోబరు 31న ఆపేశారు. కొద్ది రోజులకే ప్రపంచ బ్యాంకు 49.7 కోట్ల డాలర్ల సాయం ప్రకటించింది, అందులో చాలా మటుకు అప్పే అనుకోండి. ఆ స్థలంలోనే 150 మెగావాట్ల సోలార్, 70 మెగావాట్ల గాలిమరలు, 150 మెగావాట్ల బ్యాటరీలు, కార్మికులకు కొత్త పనిలో శిక్షణ, ఇదీ ప్లాన్. కాగితం మీద చూస్తే వంక పెట్టడానికి లేదు.

కానీ ముందు బాయిలర్ చల్లారింది, సోలార్ మాత్రం ఆ వెంటనే రాలేదు. ఎస్కామ్ పర్మనెంటు ఉద్యోగులను వేరే కేంద్రాలకు పంపించారు కాబట్టి వాళ్ల జీతం వాళ్లకుంది. కాంట్రాక్టు పనివాళ్లకు, వాళ్ల కూలి డబ్బుల మీద నడిచే చిన్నచిన్న వ్యాపారాలకు మాత్రం ఏ బదిలీ ఉత్తర్వులూ రాలేదు కదా! 2023లో కరెంటు మంత్రిగా వచ్చిన రామొక్‌గోపా కూడా కొమాటిని మూసిన తీరును బాహాటంగానే తప్పుపట్టారు.

ఇక్కడ ఇంకో చిక్కుంది, దీని గురించి ఎందుకో తక్కువ మాట్లాడతారు. సోలార్ కేంద్రం కట్టేటప్పుడు వందల మందికి పని దొరుకుతుంది, కట్టడం అయిపోయాక పలకలు తుడవడానికి, కాపలాకి, రిపేర్లకి కొద్దిమంది చాలు. బొగ్గు కేంద్రం అలా కాదు, రోజూ బొగ్గు తవ్వాలి, లారీల్లో తేవాలి, పొడి చేయాలి, బూడిద ఎత్తాలి, బాయిలర్ గొట్టాలు పగిలితే అతకాలి. మెగావాటుకు మెగావాటు లెక్క సరిపోయిందని మనిషికి మనిషి లెక్క సరిపోతుందని కాదు.

మరి ఎండ బాగా కాసేది ఎక్కడ? దేశానికి అటు చివర, నార్తర్న్ కేప్‌లో. బొగ్గు ఇక్కడ, ఎండ అక్కడ, పెద్ద కరెంటు లైన్లన్నీ బొగ్గు చుట్టూనే అల్లుకుని ఉన్నాయి. 2022 చివర్లో కొత్త కరెంటు కోసం టెండర్లు పిలిస్తే గాలి కరెంటుకు ఒక్క ప్రాజెక్టు కూడా దక్కలేదు. గాలి లేక కాదు, ఆ కేప్ ప్రాంతాల్లో గ్రిడ్‌లో ఇక చోటు లేక. టవర్లు నిలబెట్టడం, తీగలు లాగడం ఏళ్లు పట్టే పని, పైగా రిబ్బను కత్తిరించి ఫొటో దిగడానికి సోలార్ పార్కు బాగుంటుంది గానీ సబ్‌స్టేషన్ ఏం బాగుంటుంది!

డబ్బు సంగతా? 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, యూరోపియన్ యూనియన్ కలిసి, బొగ్గు నుంచి బయటపడడానికి దక్షిణాఫ్రికాకు 850 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. చప్పట్లు బాగానే పడ్డాయి. వివరాలు బయటికొచ్చాక చూస్తే అందులో తిరిగి కట్టనక్కర్లేని గ్రాంటు 4 శాతం దగ్గర, మిగతాదంతా దాదాపు అప్పులు, గ్యారంటీలు. ఎస్కామ్‌కు అప్పటికే 400 బిలియన్ రాండ్ల (రాండ్ అంటే అక్కడి డబ్బు) చుట్టుపక్కల అప్పుంది, 254 బిలియన్లు మేం నెత్తినేసుకుంటాం అని ప్రభుత్వం 2023లో చెప్పాల్సి వచ్చింది. అప్పుల్లో మునిగిన వాడికి మీరు సాయం పేరుతో ఇంకో అప్పిస్తున్నారు! 2025లో అమెరికా ఆ ఒప్పందం నుంచి తప్పుకుంది కూడా.

ఈలోగా జనం ఎవరి కోసమూ ఆగలేదు. 2023లో 300 రోజులకు పైగా కోతలు పెడితే ఎవరు మాత్రం ఎంతకాలం ఓర్చుకుంటారు? స్తోమత ఉన్నవాళ్లు ఇంటి కప్పు మీద, ఫ్యాక్టరీ కప్పు మీద పలకలు పెట్టేసుకున్నారు, ఏడాది తిరిగేసరికి అది వేల మెగావాట్లయింది. లేనివాళ్లు చీకట్లో ఉన్నారు. 2024 మార్చి చివర్లో కోతలు ఆగి చాలా నెలలు రాలేదు, దానికి కప్పుల మీది సోలార్ ఒక కారణమైతే, పాత బొగ్గు యూనిట్లను సరిగ్గా రిపేరు చేయడం ఇంకో పెద్ద కారణం. బొగ్గు వద్దనే నాలాంటి వాడికి ఇది మింగుడు పడని మాటే, అయినా నిజం నిజమే.

అలాగని బొగ్గే మేలు అందామా? మ్పుమలాంగా గాలి ఎంత పాడైందంటే, అక్కడి ప్రజలకు రాజ్యాంగం ఇచ్చిన హక్కు దెబ్బతింటోందని 2022 మార్చిలో ప్రిటోరియా హైకోర్టు తీర్పు చెప్పింది. కొమాటిలో పని పోయిన మనిషీ, ఆ పొగ పీల్చిన మనిషీ వేరు వేరు కాదు, చాలాసార్లు ఒకే ఇంట్లో ఉంటారు. అందుకే మూయడం తప్పని నేను అనను, వరస తప్పింది అంటాను.

కొమాటిని చూసి జంకారో, కోతలకు భయపడ్డారో, కామ్డెన్, హెండ్రినా, గ్రూట్‌వ్లే అనే మరో మూడు పాత కేంద్రాల మూతను 2030 దాకా వాయిదా వేశారు. ఆ గడువులో లైన్లు పడాలి, శిక్షణ మొదలవ్వాలి, కాంట్రాక్టు వాళ్ల పేర్లు కూడా ఎవరో ఒకరు రాసి పెట్టుకోవాలి. ఈసారి బాయిలర్ ఇంకా వేడిగా ఉండగానే. ఉంటాను మరి, నమస్కారం.