బీచ్ కోసమైతే ట్రినిడాడ్ వెళ్ళకండి

అందరికీ నమస్కారం. కిందటి నెల మీటింగులో ఒకరు అడిగారు, "కరీబియన్ వెళ్దామనుకుంటున్నాం, ఏ రిసార్టు బాగుంటుందండీ?" అని. దానికి నా దగ్గర జవాబు లేదు. మేము వెళ్ళింది ట్రినిడాడ్. చమురు, సహజవాయువు అమ్ముకుని బతికే దేశం అది. టూరిస్టు రాకపోతే పొయ్యి వెలగని ద్వీపం కాదు. అందుకే అక్కడ మన కోసం ఎవరూ వేషాలు కట్టరు. వాళ్ళు తినేదే మనకూ పెడతారు. నాకు నచ్చింది అదే.

పొద్దున్నే రోడ్డు పక్క బండి దగ్గర డబుల్స్ తినండి. పసుపు వేసి నూనెలో వేయించిన మెత్తటి రొట్టెలు రెండు, వాటి మధ్య శనగల కూర, పైన చింతపండు చట్నీ. కాగితంలో చుట్టి చేతిలో పెడతారు. "పెప్పర్ ఎంత?" అని అడుగుతారు. మాది గుంటూరు కదా, గట్టిగానే వెయ్యమన్నాను. రెండో ముద్దకే కళ్ళలో నీళ్ళు! అక్కడి మిరపకాయ పొట్టిగా, బొద్దుగా, ముద్దొస్తూ ఉంటుంది. మోసపోకండి. "స్లైట్" అంటే చాలు.

ఆ శనగలు, ఆ పసుపు మనవాళ్ళతో వెళ్ళినవే. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ మొదటి భారతీయ కూలీలను అక్కడ దించింది. 1917 దాకా అలా ఓడలు వెళ్తూనే ఉన్నాయి. ఎక్కువ మంది కలకత్తా రేవులో ఎక్కినవాళ్ళే. మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. చెరకు తోటల్లో అందరినీ కలిపి 'మద్రాసీ' అనేశారు. మే 30 అక్కడ ఇప్పటికీ సెలవు.

ఒక్క చోటే చూసే టైముంటే అక్కడి వాటర్‌లూ అనే ఊళ్ళో సముద్రంలోని గుడికి వెళ్ళండి. సివ్‌దాస్ సాధు అనే చెరకు కూలీ 1947లో తోట కంపెనీ స్థలంలో చిన్న గుడి కట్టాడు. ఐదేళ్ళకు దాన్ని కూల్చేసి, ఆయన్ని జైల్లో పెట్టారు. నేల మీ కంపెనీదైతే సముద్రం ఎవరిది? సైకిల్ మీద రాళ్ళూ మట్టీ మోసి, నీళ్ళలోకి బాట వేసుకుంటూ ఏళ్ళ తరబడి ఒక్కడే కట్టాడు. అలలు కొట్టుకుపోయేవి, మళ్ళీ మోసేవాడు. 1995లో ప్రభుత్వం ఆ గుడిని తిరిగి కట్టించింది. మేము వెళ్ళినప్పుడు ఆటు. చుట్టూ బురదే, నీళ్ళెక్కడో దూరంగా ఉన్నాయి. అయినా చాలాసేపు కదలబుద్ధి కాలేదు.

లా బ్రేలోని తారు సరస్సు ఫోటోలో చూస్తే పాడుబడ్డ పార్కింగ్ లాట్‌లా ఉంటుంది, నిజంగానూ అలాగే ఉంటుంది. కానీ దాదాపు 100 ఎకరాల తారు మీద నడుస్తుంటే కాళ్ళ కింద మెత్తగా దిగుతుంది. 1595లో వాల్టర్ రాలీ అనే ఇంగ్లీషు నావికుడు తన ఓడల కంతలు పూడ్చుకున్నది ఈ తారుతోనే. గైడు లేకుండా మాత్రం అడుగు పెట్టకండి.

సాయంత్రం నాలుగింటికి కరోని చిత్తడి అడవిలో పడవ ఎక్కండి. పొద్దు వాలేసరికి స్కార్లెట్ ఐబిస్ పక్షులు గుంపులు గుంపులుగా గూటికి చేరతాయి. పచ్చటి మడచెట్లకు ఒక్కసారిగా మోదుగుపూలు పూసినట్టుంటుంది. పీతలూ రొయ్యలూ తినడం వల్లే వాటికి ఆ ఎరుపట. పిల్ల పక్షులకు ఆ రంగుండదు.

ఈత కావాలంటే అదే దేశంలోని పక్క దీవి టొబాగోకి వెళ్ళండి. అక్కడి నైలాన్ పూల్‌లో నడిసముద్రంలోనూ నడుము లోతు నీళ్ళే. అంతకంటే ఆ దీవి అడవి నాకు గొప్పగా అనిపించింది. వానలు తగ్గిపోకూడదని 1776లోనే చట్టం చేసి కాపాడారు.

మార్చి నుంచి ఆగస్టు లోపల వెళ్తే ట్రినిడాడ్‌లోనే, తాబేళ్ళు గుడ్లు పెట్టే గ్రాండ్ రివియేర్ తీరంలో ఒక రాత్రి ఉండండి. పర్మిట్ తీసుకోవాలి, ఫోన్ లైటు వెయ్యకూడదు. మూడు నాలుగు వందల కిలోల లెదర్‌బ్యాక్ తాబేలు ఒడ్డుకు పాకి వచ్చి, వెనక కాళ్ళతో గొయ్యి తవ్వి గుడ్లు పెడుతుంది. అప్పుడు దాని కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటాయి. ఒంట్లోని ఉప్పు అలా బయటికి పోతుందని గైడు చెప్పాడు. మా ఆవిడ నమ్మలేదు. "పురుడంటే ఏమిటో ఆయనకేం తెలుసు" అంది.