బండి లాగట్లేదా? ఇంజన్ విప్పే ముందు ఇది చూడండి | కంప్రెషన్ గేజ్ రివ్యూ

అందరికీ నమస్కారం. ముందు ఈ సౌండ్ ఒక్కసారి వినండి. ఎత్తు ఎక్కుతున్నాను, థర్డ్ గేర్, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పేసి ఉంది. అయినా ఇంజన్ గుడగుడమంటోందే తప్ప బండి ముందుకు లాగట్లేదు.

ఇది నా పాత 100 సీసీ కార్బరేటర్ బండి. దీన్ని చూసిన వాళ్లంతా ఒకటే మాట, "ఇంజన్ పని అయిపోయింది, బోర్ చేయించెయ్" అని. అంటే ఇంజన్ విప్పి, అరిగిన సిలిండర్ లోపలి గోడని బాగు చేయించమని. నిజమే కావచ్చు. కానీ ఒకసారి ఇంజన్ విప్పామంటే పెద్ద పని. అంత పని పెట్టుకునే ముందు చేతిలో రుజువు ఉండాలి కదా. ఆ రుజువు చూపించేదే ఈ కంప్రెషన్ గేజ్, అంటే ఇంజన్ లోపల పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో కొలిచే మీటర్. నా దగ్గర రెండున్నాయి. ఒకటి నన్ను దాదాపు తప్పుదారి పట్టించింది. అదెలాగో చూపిస్తాను.

గేజ్ పెట్టే ముందు చేత్తో తేలిపోయేవి చూసేద్దాం. డబుల్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రం తిప్పండి. బ్రేక్ పట్టేసి ఉంటే అక్కడే తెలిసిపోతుంది. టాప్ గేర్‌లో వెళ్తూ రేస్ ఇచ్చినప్పుడు సౌండ్ పెరిగి స్పీడ్ పెరగకపోతే అది క్లచ్ జారడం, ఇంజన్ తప్పు కాదు. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. యాక్సిలరేటర్ కేబుల్ చివరిదాకా లాగుతోందో లేదో చూడండి.

చాలామంది వదిలేసేది ఇంకొకటుంది. పెట్రోల్ ట్యాంక్ మూతలో గాలి పోయే చిన్న రంధ్రం. అది మూసుకుపోతే బండి కొంతదూరం బాగా వెళ్లి నీరసపడిపోతుంది. కాసేపు ఆపితే మళ్లీ మామూలే. అలా నీరసపడినప్పుడు మూత తెరిచి చూడండి, 'స్స్' అని గాలి లోపలికి పీల్చుకుంటే మీ జబ్బు అదే.

ఇప్పుడు స్పార్క్ ప్లగ్గు. కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను చూడండి. పొడి నల్లటి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ వెళ్తోంది. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ కాలుతోంది. బాగా తెల్లగా ఉంటే పెట్రోల్ తక్కువై, గాలి ఎక్కువవుతోంది. నాది లేత గోధుమ రంగులో ఉంది, అంటే మండటం బాగానే ఉంది. అందుకే నాకు కంప్రెషన్ మీద అనుమానం వచ్చింది.

సరే, గేజ్‌ల దగ్గరికొద్దాం. రబ్బరు మొన ఉండి చేత్తో నొక్కిపట్టే రకం కూడా దొరుకుతుంది. ఒంటరిగా చేసుకునేవాళ్లకి అది నేను చెప్పను. ఒకపక్క కిక్ కొడుతూ ఇంకోపక్క గట్టిగా నొక్కిపట్టలేం, గాలి లీకవుతుంది. ప్లగ్గు స్థానంలో మరతో బిగించే రకమే తీసుకోండి. 10, 12, 14 మిల్లీమీటర్ల మరలకి అడాప్టర్లు ఉంటాయి. మీ ప్లగ్గు పక్కన పెట్టి మర పొడవు కూడా సరిచూసుకోండి. పొడవెక్కువైతే పిస్టన్‌కి తగిలే ప్రమాదం ఉంది.

నా రెండు గేజ్‌లూ మర రకమే. ఒకే ఇంజన్, ఒకే రోజు. మొదటిది 70 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చూపించింది, రెండోది 110.

తేడా ఎక్కడుందంటే, గాలిని వెనక్కి పోనివ్వని చిన్న వాల్వు ఉంది చూశారా? రెండోదాంట్లో అది పైపు చివర, ప్లగ్గు దగ్గరుంది. మొదటిదాంట్లో డయల్ దగ్గరుంది. అంటే అందులో పైపు మొత్తం కంబషన్ ఛాంబర్‌లో, అంటే పిస్టన్ పైన పెట్రోల్ మండే గదిలో, భాగమైపోతోంది. నా ఇంజన్ కంప్రెషన్ రేషియో 9 కి 1, అంటే లోపలి చోటు తొమ్మిదో వంతుకి తగ్గుతుంది. లెక్కేస్తే ఛాంబర్ 12.5 సీసీ మాత్రమే. 5 మిల్లీమీటర్ల లోపలి వ్యాసంతో 30 సెంటీమీటర్ల పైపంటే దాదాపు 6 సీసీ. ఛాంబర్‌లో సగం అదనంగా కలిపేసినట్టు! చోటు పెరిగింది కాబట్టి ఒత్తిడి తక్కువ చూపిస్తోంది. పెద్ద ఇంజన్‌లో ఈ తేడా అంతగా తెలియదు. చిన్న ఇంజన్‌కి మాత్రం ఆ రీడింగ్ నమ్మొద్దు. కొనేటప్పుడు పైపు చివర తొంగిచూసి వాల్వు అక్కడుంటేనే తీసుకోండి.

కొలిచే పద్ధతి: ఇంజన్ వేడిగా ఉండాలి. తాళం ఆఫ్ చేయండి. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి పట్టుకోండి, లేకపోతే గాలి లోపలికి రాక రీడింగ్ తగ్గిపోతుంది. ముల్లు పెరగడం ఆగేదాకా, ఆరేడు కిక్కులు కొట్టండి. ఎంతుండాలి అనేది మీ బండి మాన్యువల్‌లో చూసుకోండి. కిక్ తేలిక చేయడానికి కొన్ని ఇంజన్లలో డీకంప్రెసర్ ఉంటుంది, వాటిలో అంకె తక్కువే వస్తుంది.

నాకు 110 వచ్చింది, తక్కువే. ఇప్పుడు అసలు పరీక్ష. ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. ఆయిల్ పిస్టన్ చుట్టూ ఉండే రింగుల దగ్గర చేరి సందులు మూస్తుంది. కాబట్టి రీడింగ్ బాగా పెరిగితే రింగులో, బోరో అరిగినట్టు. పెరగకపోతే గాలి, పొగ దారులు మూసే ఇంజన్ వాల్వులు, లేదంటే సిలిండర్‌కీ పైన హెడ్‌కీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్. నాది 110 నుంచి 115 కి వెళ్లి ఆగిపోయింది. అంటే బోర్ పని కాదు!

వాల్వులని నొక్కే ట్యాపెట్ల మీది కవర్ తీశాను. ఇంజన్ చల్లారాక, పిస్టన్ పైకొచ్చి రెండు వాల్వులూ మూసుకోవాల్సిన దగ్గర ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) ట్యాపెట్ సందులో పెట్టి చూశాను. ఎగ్జాస్ట్ వైపు, అంటే పొగ బయటికి పోయే వైపు, అతి పల్చటి రేకు కూడా దూరట్లేదు. ట్యాపెట్ బిగుసుకుపోయింది. వాల్వు పూర్తిగా మూసుకోవట్లేదన్నమాట. ట్యాపెట్ వదులైతే టకటకమని చెప్తుంది, బిగుసుకుంటే చప్పుడే చేయదు. అందుకే ఇన్నాళ్లూ నాకు తెలియలేదు. మాన్యువల్‌లోని కొలతకి సెట్ చేసి, ఇంజన్ మళ్లీ వేడిచేసి కొలిస్తే 145.

ఈ రెండో గేజ్‌లో నాకు నచ్చనివీ ఉన్నాయి. పైపు గట్టిగా ఉంది, ఇరుకు ఫ్రేమ్‌లో తిప్పడం కష్టం. అడాప్టర్ రబ్బరు రింగు త్వరగా నలిగేలా ఉంది, అది నలిగితే రీడింగ్ పడిపోతుంది. వాడే ప్రతిసారీ చూసుకోవాలి. అయినా పాత బండి ఉన్నవాళ్లు ఒకటి దగ్గర పెట్టుకోవాల్సిందే.

ఒక పని ఇంకా మిగిలుంది. ఇన్నాళ్లు పూర్తిగా మూసుకోకుండా నడిచిన ఆ ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోయి ఉండొచ్చు. 500 కిలోమీటర్లు తిప్పాక ఇదే గేజ్‌తో మళ్లీ కొలుస్తాను. 145 నిలబడితే సరే, పడిపోతే హెడ్ విప్పుతాను. ఏదైనా మీకు చూపిస్తాను.