ఎల్‌ఎఫ్‌టీ నార్మల్ అయితే హెపటైటిస్ బి లేనట్టేనా?

"ఎల్‌ఎఫ్‌టీ నార్మల్, కామెర్లు ఎప్పుడూ రాలేదు, ఇంక నాకెందుకండీ హెపటైటిస్ బి టెస్టు?" ఈ మాట వింటే చాలు, ఒళ్లు మండుతుంది. ఎల్‌ఎఫ్‌టీ అంటే లివర్ ఎలా ఉందో చూసే రక్తపరీక్ష, హెపటైటిస్ బి అంటే లివర్‌కి పట్టే వైరస్.

ప్లాటు కొనేముందు రోడ్డు మీద నిలబడి, ప్రహరీ బాగుందని అడ్వాన్సు ఇచ్చేస్తామా? ఈసీ తీయిస్తాం, ఆ ప్లాటు ఎవరెవరి పేరు మీద రిజిస్టర్ అయిందో చూస్తాం. ఎల్‌ఎఫ్‌టీ అంటే ప్రహరీ చూడడమే. అందులో ఎస్‌జీపీటీ అనే ఎంజైము పెరిగిందంటే గోడ కూలుతున్నట్టు: లివర్ కణాలు దెబ్బతిని, లోపలి ఆ ఎంజైము రక్తంలోకి కారుతోంది. కానీ గోడ మీద చెయ్యి వేయకుండానే కబ్జాదారు లోపల కాపురం పెట్టొచ్చు. ఆ గుట్టు చెప్పే ఈసీ వేరే ఉంది: రక్తంలో ఈ వైరస్ పైపొర ప్రొటీన్‌ని పట్టే హెచ్‌బీఎస్‌ఏజీ టెస్టు.

కబ్జాలో ఈ వైరస్ ఆరితేరింది. కణం కేంద్రకంలోకి దూరి, తన డీఎన్‌ఏని రింగులా చుట్టి దాచుకుంటుంది. కొన్ని ముక్కల్ని మన డీఎన్‌ఏలోనే కలిపేస్తుంది. దొంగ డాక్యుమెంటు రిజిస్ట్రేషన్ అయిపోయిందన్నమాట! అందుకే సిరోసిస్, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడడం, రాకుండానే లివర్ క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంది.

[కిట్ క్లోజప్]

వేలి నుంచి రక్తం చుక్క, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. కిట్ మీద సి అంటే కిట్ పనిచేస్తోందని చెప్పే గీత, టి అంటే టెస్టు గీత. సి దగ్గర మాత్రమే గీత పడితే నాన్ రియాక్టివ్, అంటే వైరస్ దొరకలేదు. టి దగ్గర లీలగా పడినా రియాక్టివే, "సరిగ్గా పడలేదులే" అని పారేయొద్దు. సి గీతే రాకపోతే కిట్ పాడైంది, ఇంకోటి తీయాలి.

రియాక్టివ్ వస్తే పసరు మందు దగ్గరికి కాదు, రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే హెచ్‌బీవీ డీఎన్‌ఏ టెస్టుకి వెళ్లండి. ప్రభుత్వ కార్యక్రమం 2018 నుంచి ఉంది, పరీక్షలూ మందులూ ఉచితం.

టీకా అంటే కంచె. కబ్జా అయ్యాక కంచె వేస్తే వాడు లోపలే ఉంటాడు కదా! కాబట్టి పెద్దవాళ్లు ముందు టెస్టు చేయించుకుని, లేదని తేలాక 0, 1, 6 నెలల్లో మూడు డోసులు వేయించుకోవాలి. మన దేశమంతటా పిల్లల టీకాల్లోకి ఇది చేరింది 2011లో. అంతకుముందు పుట్టినవాళ్లలో చాలామందికి కంచె లేదు.

పసిబిడ్డ కాపలా లేని ప్లాటు. పుట్టేటప్పుడు సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి జీవితాంతం ఉండిపోతుంది, పెద్దయ్యాక సోకితే నూటికి ఐదుగురికి కూడా ఉండదు. అందుకే 24 గంటల్లోపు మొదటి డోసు. తల్లి పాజిటివ్ అయితే 12 గంటల్లోపే, రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్ ఇమ్యునోగ్లోబులిన్‌తో కలిపి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఈ వైరస్‌కి వాడే మందు టెనోఫోవిర్ కోర్టు స్టే లాంటిది. కబ్జాదారుని ఖాళీ చేయించదు, కొత్త కట్టడం ఆపుతుంది. బాగున్నానని సొంతంగా మానేస్తే వైరస్ ఒక్కసారిగా విజృంభించి లివర్ ఫెయిలవ్వొచ్చు. స్టే ఉన్నా ప్లాటు చూసి రావాల్సిందే: లివర్ క్యాన్సర్ కోసం ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, ఏఎఫ్‌పీ రక్తపరీక్ష. సిరోసిస్ ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా లివర్ క్యాన్సర్ వచ్చి ఉన్నవాళ్లు, పాజిటివ్‌గా ఉన్న 40 దాటిన మగవాళ్లు, 50 దాటిన ఆడవాళ్లు ఈ చెకప్ అస్సలు మానొద్దు.

ఇంకొక్కటి. పాజిటివ్ వచ్చినవాళ్లకి కంచం, గ్లాసు వేరు పెట్టడం దుర్మార్గం, తిండితో ఇది అంటదు. వేరుగా ఉండాల్సింది రేజరు, టూత్ బ్రష్, గోళ్లు కత్తిరించుకునేది. ఇంట్లో మిగతా అందరికీ టెస్టు, రేపే.