అడిగేముందు చదవాల్సినవి: ఆరోగ్య ఫౌండేషన్ల గ్రాంట్లకి దరఖాస్తు చేయడం గురించి

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో సగం మంది ఆరోగ్య రంగంలో పనిచేసే చిన్న సంస్థల వాళ్ళు, మిగతా సగం పరిశోధకులు అని నిర్వాహకులు చెప్పారు. మీ ఇద్దరి తలనొప్పీ ఒకటే. చేతిలో పని ఉంది, డబ్బు లేదు. ఇంతలో ఎవరో ఒకరు "ఫలానా ఫౌండేషన్ వాళ్ళు గ్రాంట్లు ఇస్తున్నారట, డెడ్‌లైన్ శుక్రవారం" అంటారు. రాత్రిళ్ళు కూర్చుని ప్రపోజల్ రాసి పంపుతారు. కొన్ని నెలలకి ఒక మర్యాదైన ఈమెయిల్ వస్తుంది. మీ పని చాలా ముఖ్యమైనదే గానీ ఈసారికి ఇవ్వలేకపోతున్నాం అని.

నేను ప్రపోజళ్ళు రాశాను, ఇతరులు రాసినవి చదివి మార్కులూ వేశాను. అవతలివైపు కూర్చుంటే ఒక సంగతి తెలిసింది. రాత బాగోలేక పోయేవి ఉంటాయి, కానీ తప్పు గుమ్మం తొక్కి పోయేవే ఎక్కువ. అందుకే ఇవాళ ఎలా రాయాలన్నదాని కంటే, రాయకముందు ఏం చేయాలన్నదాని మీదే ఎక్కువసేపు ఉంటాను.

ముందు ఈ డబ్బు ఎవరిదో చూద్దాం. ప్రైవేటు ఫౌండేషన్ అంటే ఒక కుటుంబమో, ఒక వ్యాపారవేత్తో, ఒక కంపెనీయో పక్కన పెట్టిన సొమ్ము. చాలావరకు దాన్ని మదుపు చేసి, వచ్చే రాబడిలోంచి గ్రాంట్లు ఇస్తారు. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ 1913లో మొదలైంది. లండన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు, మందుల కంపెనీ అధిపతి హెన్రీ వెల్‌కమ్ 1936లో చనిపోయాక ఆయన వీలునామా ప్రకారం ఏర్పడింది. జాన్సన్ అండ్ జాన్సన్ అధిపతి రాబర్ట్ ఉడ్ జాన్సన్ వదిలివెళ్ళిన ఆస్తితో, ఆయన పేరు మీదున్న ఫౌండేషన్ 1972లో అమెరికా అంతటా పని మొదలుపెట్టింది. గేట్స్ ఫౌండేషన్ 2000లో వచ్చింది. అన్నీ ఆరోగ్యానికి డబ్బిచ్చేవే. కానీ ఒకరికి రాసిన ప్రపోజల్‌లో పేరు మార్చి ఇంకొకరికి పంపితే పనికిరాదు. వెల్‌కమ్ వాళ్ళది ప్రధానంగా పరిశోధన. రాబర్ట్ ఉడ్ జాన్సన్ వాళ్ళ దృష్టి అమెరికా ప్రజల ఆరోగ్యం మీద. గేట్స్ వాళ్ళు ఏ సమస్య మీద ఏ దారిలో పోవాలో చాలావరకు ముందే తేల్చుకుని, ఆ దారిలో నడవగలిగిన వాళ్ళని వెతుక్కుంటారు.

ఇంకో మాట. ఇవ్వడం వాళ్ళకీ తప్పనిసరే. అమెరికాలో ప్రైవేటు ఫౌండేషన్లు ఏటా కనీసం ఇంత పంచి తీరాలన్న నిబంధన 1969 పన్ను చట్టంతో వచ్చింది. ఇప్పుడది వాళ్ళ మదుపు ఆస్తుల విలువలో దాదాపు 5 శాతం. అంటే మంచి పని దొరకడం వాళ్ళ అవసరం కూడా. చేతులు కట్టుకుని నిలబడాల్సిన పని లేదు. అలాగని మన అవసరం పెద్దది కాబట్టి ఇచ్చి తీరాలనుకోవడమూ కుదరదు. అవసరం లేనివాళ్ళు దరఖాస్తే చేయరు కదా.

సరే, ఎవరిని అడగాలో ఎలా తెలుస్తుంది? ఫౌండేషన్ వెబ్‌సైటులో "మా ఆశయం" అన్న పేజీ చదివితే తెలియదు. ఆ పేజీలన్నీ ఒకేలా ఉంటాయి. నిరుడు, అంతకుముందు ఏడాది ఎవరికి ఇచ్చారో చూడాలి. అమెరికా ప్రైవేటు ఫౌండేషన్లు ఏటా ఫారం 990-పీఎఫ్ అనే రిటర్ను దాఖలు చేస్తాయి. అది బహిరంగ పత్రం, ఎవరైనా తెరిచి చూడొచ్చు. ఏ సంస్థకి, దేనికోసం, ఎంత ఇచ్చారో అందులో వరసగా ఉంటుంది. బ్రిటన్‌లో చాలా ఫౌండేషన్లు, వెల్‌కమ్‌తో సహా, తమ గ్రాంట్ల వివరాలు 360గివింగ్ అనే ఉమ్మడి పద్ధతిలో అందరికీ అందుబాటులో పెడుతున్నాయి.

ఆ 990-పీఎఫ్‌లో ఒక చిన్న గడి ఉంటుంది. మేము ముందుగా ఎంచుకున్న సంస్థలకే ఇస్తాం, అడగకుండా వచ్చిన దరఖాస్తులు తీసుకోం అని దాని అర్థం. ఆ గడిలో టిక్కు ఉంటే అక్కడితో ఆపేయండి. ఎంత బాగా రాసినా తెరవరు. ఇంత చిన్న విషయం చూసుకోకుండా ప్రపోజల్ మీద నెలంతా పెట్టేవాళ్ళున్నారు.

టిక్కు లేకపోతే, మూడేళ్ళ జాబితా ముందు పెట్టుకుని తీరిగ్గా చదవండి. మామూలుగా ఇచ్చే మొత్తం ఎంత? వాళ్ళు ఇచ్చే వాటికి పది రెట్లు మీరు అడుగుతుంటే, మీ సంగతి తెలియనివాళ్ళని ముందే భయపెట్టినట్టు. ఏటా అవే పేర్లు వస్తున్నాయా, కొత్త పేర్లూ ఉన్నాయా? కొత్త పేరు ఒక్కటీ లేకపోతే, ప్రకటనలో ఏం రాసినా కొత్తవాళ్ళకి చోటు తక్కువే. అందుకున్నవాళ్ళంతా విశ్వవిద్యాలయాలైతే, చిన్న సంస్థ ఒంటరిగా వెళ్ళేకంటే ఒక విశ్వవిద్యాలయంతో జతకట్టి, తన వాటా బడ్జెట్ రాతపూర్వకంగా ఒప్పించుకుని వెళ్ళడం మంచిది. రాతపూర్వకంగా అని ఊరికే అనలేదు. పల్లెల్లో తిరిగే పనంతా చిన్న సంస్థకీ, డబ్బు విశ్వవిద్యాలయానికీ పోయిన ప్రాజెక్టులు చూశాను.

తర్వాత ప్రోగ్రాం ఆఫీసర్‌తో, అంటే ఫౌండేషన్‌లో ఆ గ్రాంట్లు చూసుకునే ఉద్యోగితో, మాట్లాడండి. చాలామందికి ఇక్కడ మొహమాటం. సిఫార్సు అడిగినట్టు ఉంటుందేమో అని టెన్షన్. మాట్లాడొద్దని ప్రకటనలో రాసి ఉంటే సరే, మాట్లాడకండి. లేదంటే మీలాంటి వాళ్ళకి జవాబు చెప్పడం ఆయన ఉద్యోగంలో భాగమే. పది లైన్లు మించకుండా ఈమెయిల్ రాయండి. మేమెవరం, ఏ సమస్య మీద ఎవరితో పనిచేస్తున్నాం, ఎంత అడగాలనుకుంటున్నాం, ఇది మీ పరిధిలోకి వస్తుందా. అంతే. బ్రోచర్లు, ఫొటోలు జత చేయకండి. "ఇది మా పరిధిలోకి రాదు" అని జవాబొస్తే బాధపడకండి, మీకు నెల మిగిలింది. "ఈ ఏడాది మేము బీపీ, షుగరు వైపు చూస్తున్నాం" అని రాస్తే, ఆ ఒక్క వాక్యం ప్రకటన మొత్తం కంటే ఎక్కువ చెప్పినట్టు.

ఇక రాయడం. ఒక ఉదాహరణ తీసుకుంటాను. ఒక సంస్థ బీపీ ఉన్నవాళ్ళకి ప్రతి నెలా ఇంటి దగ్గర పరీక్ష చేసి, మందులు ఆగిపోకుండా చూస్తుందనుకోండి. లక్ష్యం దగ్గర "సమాజంలో రక్తపోటుపై అవగాహన పెంచి జీవన ప్రమాణాలు మెరుగుపరచడం" అని రాస్తారు. ఎవరూ కాదనరు, ఎవరికీ గుర్తుండదు. దాని బదులు "మా దగ్గర నమోదైన వాళ్ళలో బీపీ 140/90 కంటే తక్కువకి వచ్చినవాళ్ళ శాతం, ఏడాదిలో ఇంత నుంచి ఇంతకి" అని రాయండి. ఇక్కడ శాతం దేనిలోంచి తీస్తున్నారన్నదే అసలు సంగతి. 400 మంది నమోదయ్యారు. ఈ మూడు నెలల్లో 250 మందే పరీక్షకి వచ్చారు. వాళ్ళలో 180 మందికి బీపీ అదుపులో ఉంది. వచ్చినవాళ్ళలో లెక్కేస్తే 72 శాతం. నమోదైన వాళ్ళందరిలో లెక్కేస్తే 45 శాతం. బీపీ, గుండె జబ్బుల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హార్ట్స్ పద్ధతిలో రానివాళ్ళని కూడా మొత్తంలో ఉంచే శాతం లెక్కిస్తారు. ఎందుకంటే రానివాళ్ళే మందులు మానేసి ఉండే అవకాశం ఎక్కువ. మీరు 45 అని రాసి, ఆ 150 మంది ఎందుకు రాలేదో, వాళ్ళని ఎలా చేరుకుంటారో రెండు వాక్యాలు రాస్తే, చదివేవాడికి మీరు పని తెలిసినవాళ్ళని అర్థమవుతుంది. 72 అని రాస్తే చదివేవాళ్ళలో ఒకడైనా పట్టుకుంటాడు.

ఇంత కచ్చితంగా రాయమని చెబుతున్నాను కదా, దీనికి ఎదురుగా ఒక ఆధారం ఉంది, అది కూడా చెప్పాలి. గేట్స్ ఫౌండేషన్ 2008లో గ్రాండ్ ఛాలెంజెస్ ఎక్స్‌ప్లొరేషన్స్ అని ఒక పథకం పెట్టింది. దరఖాస్తు రెండే పేజీలు. ముందస్తు ఫలితాలేవీ చూపించనక్కర్లేదు. గెలిస్తే మొదటి విడత లక్ష డాలర్లు. చదివేవాళ్ళకి రాసినవాళ్ళ పేరు తెలియదు. దానికి పదేళ్ళలో అమెరికా పరిశోధకుల నుంచి వచ్చిన ఆరువేలకు పైగా దరఖాస్తులని ముగ్గురు పరిశోధకులు పరిశీలించి 2019లో ఫలితాలు బయటపెట్టారు. పేర్లు కనబడకపోయినా ఆడవాళ్ళ దరఖాస్తులకి మార్కులు తక్కువ వచ్చాయి. కారణం చాలావరకు మాటల్లో దొరికింది. మగవాళ్ళు విశాలమైన మాటలు, ఎక్కడైనా సరిపోయే మాటలు ఎక్కువ వాడారు. ఆడవాళ్ళు తమ విషయానికే పరిమితమైన మాటలు వాడారు. చదివేవాళ్ళు విశాలమైన మాటలకి మొగ్గారు. పోనీ, ఆ మాటలు రాసినవాళ్ళు డబ్బొచ్చాక ఎక్కువ సాధించారా అంటే, అదీ లేదు.

అంటే మార్కులు వేసే మాలాంటి వాళ్ళం పెద్ద పెద్ద మాటలకి పడిపోతాం. అది మా లోపం, సరిదిద్దుకోవాల్సింది మేమే. కానీ మేం మారేదాకా మీరు ఆగలేరు. కాబట్టి శీర్షిక, మొదటి పేరా మీ రంగం తెలియనివాడికి కూడా అందేలా విశాలంగా రాయండి. ఇది ఎవరికి ఎందుకు ముఖ్యమో అక్కడ ధైర్యంగా చెప్పండి. రెండో పేరా నుంచి మీ 400 మందికి, మీ 45 శాతానికి దిగిపోండి. "సమగ్ర", "వినూత్న", "సుస్థిర" అన్న మూడు మాటలు మాత్రం కనబడిన చోటల్లా కొట్టేయండి. ఈమధ్య ప్రతి ప్రపోజల్‌నీ ఒకే యంత్రం రాసినట్టుంది, నిజంగా రాస్తోంది కూడా.

బడ్జెట్ దగ్గరికొద్దాం. నేను ప్రపోజల్ చేతికి రాగానే ముందు బడ్జెట్ తెరుస్తాను. పక్కన కూర్చునేవాళ్ళలో చాలామందీ అంతే. మాటల్లో ఏం రాసినా, అసలు ఏం చేయబోతున్నారో లెక్కల్లో బయటపడుతుంది. ఇందాకటి బీపీ ప్రాజెక్టే చూడండి. రాతలో ఆరుగురు కార్యకర్తలు ఇంటింటికీ తిరుగుతారు. లెక్కలో వాళ్ళ ప్రయాణ ఖర్చు లేదు. లాప్‌టాప్‌లున్నాయి, ముగింపు సదస్సు ఉంది. నెలనెలా వచ్చే వందల అంకెల్ని ఎక్కించే మనిషికి జీతం లేదు. మరి ఆ 45 శాతం ఎవరు లెక్కకడతారు?

అదే ఇంకో బడ్జెట్‌లో ఒక లైను చూశాను. బీపీ మిషన్ల కింద, పెద్ద సైజు కఫ్‌లు, అంటే చేతికి చుట్టే పట్టీలు, అని విడిగా. కొద్దిపాటి ఖర్చే. చెయ్యి లావుగా ఉన్నవాళ్ళకి మామూలు కఫ్ చుడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, లేని జబ్బుకి మందు పడుతుంది. ఆ లైను రాసినవాళ్ళు రోజూ ఆ పని చేస్తున్నవాళ్ళు. నాలుగు పేజీల అనుభవ వివరాల కంటే ఆ లైనే నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది.

ఆఫీసు అద్దె, అకౌంటెంటు, ఆడిట్ లాంటి ఓవర్‌హెడ్ ఖర్చులని దాచేయకండి. ఇంతవరకు ఇస్తాం అని ఫౌండేషన్లు ముందే చెబుతాయి. గేట్స్ వాళ్ళు స్వచ్ఛంద సంస్థలకి 15 శాతం దాకా ఒప్పుకుంటారు. సున్నా అని రాస్తే పొదుపరి అనుకుంటారని చాలామంది భ్రమ. అనుకోరు. ఈ సంస్థకి తన ఖర్చు తనకే తెలియదనుకుంటారు. పరిశోధకులు ఇంకోటి చూసుకోవాలి. వెల్‌కమ్ 2005 నుంచే, తన డబ్బుతో చేసిన పరిశోధన వ్యాసాలు అందరికీ ఉచితంగా చదవడానికి దొరకాలని షరతు పెట్టింది. గేట్స్ వాళ్ళూ అదే కోరతారు, కానీ 2025 నుంచి వ్యాసం వేయడానికి పరిశోధన పత్రికలు అడిగే రుసుము కట్టడం మానేశారు. పాత బడ్జెట్ నకలు చేస్తే ఇలాంటి చోటే దొరికిపోతాం.

చట్టం సంగతి క్లుప్తంగా. అమెరికా ప్రైవేటు ఫౌండేషన్ల డబ్బుని చట్టసభల్లో లాబీయింగ్‌కి, అంటే ఒక చట్టం కోసమో దానికి వ్యతిరేకంగానో సభ్యుల్ని ఒప్పించే పనికి, కేటాయించకూడదు. "ఫలానా బిల్లు పాస్ చేయించడం" మీ పనుల జాబితాలో ఉంటే తీసేయండి. వేరే దేశంలోని సంస్థకి ఇచ్చేటప్పుడు వాళ్ళు చాలాసార్లు ముందుగా విచారణ చేసి, ఒప్పందం రాయించుకుని, ఖర్చు రిపోర్టులు అడగాలి. అది మీ మీద అనుమానం కాదు. విదేశీ సొమ్ము తీసుకోవడానికి మీ దేశంలో అనుమతి కావాల్సి ఉంటే, గ్రాంటు వచ్చాక మొదలుపెడితే ఆలస్యమవుతుంది. మనుషుల మీద పరిశోధన అయితే ఎథిక్స్ కమిటీ ఆమోదానికి పట్టే నెలలని కూడా ప్లానులో చూపించండి. మొదటి నెలలోనే ఇంటర్వ్యూలు మొదలవుతాయని రాస్తే ఎవరూ నమ్మరు.

రిజెక్ట్ అయితే? రెండు రోజులు ఆగి, రివ్యూ వ్యాఖ్యలు ఇవ్వగలరా అని ఒక చిన్న ఈమెయిల్ రాయండి. కొందరు ఇస్తారు, కొందరు ఇవ్వరు. ఇస్తే వాదించకండి. "రివ్యూ చేసినవాడికి అర్థం కాలేదు" అని మనకి అనిపించిన ప్రతిచోటా మన వాక్యం మరోసారి చూసుకోవాలి. మళ్ళీ పంపొచ్చా అని సూటిగా అడగండి. కుదరదంటే, ఆ ప్రపోజల్‌లోని లెక్కలూ డేటా పట్టికలూ దాచుకోండి, ఇంకోచోట పనికొస్తాయి.

వస్తే అసలు పని అప్పుడు మొదలవుతుంది. రిపోర్టులు గడువులోగా పంపాలి. అనుకున్నది జరగకపోతే చివరి రిపోర్టు దాకా దాచకండి. కార్యకర్త ఉద్యోగం మానేసినా, మందుల సరఫరా ఆగినా, ప్రోగ్రాం ఆఫీసర్‌కి అప్పుడే చెప్పండి. ఒక పద్దులోంచి ఇంకో పద్దుకి డబ్బు మార్చుకోవడానికి చాలామంది ఒప్పుకుంటారు, కానీ ముందు అడగాలి. మార్చేసి తర్వాత చెబితే ఆడిట్‌లో అది వేరే రకంగా కనబడుతుంది. గడువు దగ్గరపడ్డా డబ్బు మిగిలి ఉంటే, హడావిడిగా కంప్యూటర్లు కొనేయకండి. అదనపు డబ్బు అడగకుండా సమయం మాత్రం పొడిగించమని రాయండి. దాన్ని నో-కాస్ట్ ఎక్స్‌టెన్షన్ అంటారు. గ్రాంటు గడువు ముగియకముందే అడగాలి, ముగిశాక అడిగితే చాలాచోట్ల కుదరదు.

ఆన్‌లైన్ పోర్టళ్ళ గురించీ, అందులో తెలుగు అతికిస్తే అక్షరాలు చెదిరిపోవడం గురించీ కావాలనే వదిలేశాను. దాని మీద మీ దగ్గర నాకంటే ఎక్కువ కథలుంటాయి. ఇప్పుడు అడగండి.